మన మాటకు మర్యాద తెచ్చిన సురవరం ప్రతాపరెడ్డి



మీరు ఎప్పుడైనా ఆఫీసుకు పోయి, నోరు విప్పడానికి సిగ్గుపడ్డారా? "నా మాట మోటుగా ఉంటుంది, వాళ్లు నవ్వుతారేమో" అని వెనక్కి తగ్గారా? చాలామందిమి తగ్గాం. నేనూ తగ్గాను.

మా రాత్రి బడిలో ఒకనాడు నాగలి గురించి పాఠం వచ్చింది. నేను నల్లబల్ల మీద 'నాగలి' అని రాశాను. "నాగలికి ఏమేం భాగాలుంటాయి?" అని అడిగాను. వెనక కూర్చున్న ఒక పెద్దమ్మ గబగబా చెప్పింది. "మేడి, కర్రు, నొగ, కాడి..." ఆమె చెబుతూనే ఉంది. నాకు అందులో సగం తెలియవు. నేను టీచరు ట్రైనింగు చేసినదాన్ని. కానీ నాగలి పట్టిన ఇంట్లో పుట్టలేదు.

"ఆగు పెద్దమ్మా, రాసుకుంటాను" అన్నాను. ఆమె వెంటనే నోరు మూసుకుంది. "వద్దు బిడ్డా. మాది మోటు మాట. పుస్తకంలో ఉండేది మంచి మాట. నేను చెప్పింది రాయకు" అంది.

ఆ రాత్రి నాకు ఏం జవాబు చెప్పాలో తోచలేదు. ఇంటికి పోయాక ఒక మనిషి గుర్తుకు వచ్చారు. ఆయన పేరు సురవరం ప్రతాపరెడ్డి. "మీ మాట ఎందుకూ పనికిరాదు" అని అనిపించుకున్న జనానికి, "మీ మాట గొప్పది, ఇదిగో సాక్ష్యం" అని చూపించిన మనిషి. మర్నాడు రాత్రి బడిలో ఆయన కథే చెప్పాను. అదే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

ఆనాడు మన రాజ్యం

సుమారు వంద ఏళ్ల కిందటి సంగతి. అప్పుడు మన తిరుమలాయపాలెం, ఖమ్మం, వరంగల్లు అన్నీ హైదరాబాదు రాజ్యంలో ఉండేవి. ఆ రాజ్యాన్ని ఏలే రాజును నిజాం అనేవారు. గోదావరి అవతల ఉన్న భద్రాచలం మాత్రం ఇంగ్లీషువాళ్లు ఏలే మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఏరు ఒక్కటే, కానీ ఇటు ఒక ఏలుబడి, అటు ఇంకో ఏలుబడి.

నిజాం రాజ్యంలో ఇంచుమించు సగం మంది ఇంట్లో తెలుగు మాట్లాడేవారు. మిగిలినవారిలో మరాఠీ, కన్నడం మాట్లాడేవారు చాలామంది. ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవారు పది మందిలో సుమారు ఒక్కరు. కానీ సర్కారు భాష ఉర్దూ. కచ్చేరీలో కాగితం ఉర్దూలో. కోర్టులో తీర్పు ఉర్దూలో. చిన్న తరగతులు దాటితే బడిలో చదువు ఉర్దూలో. 1918లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టారు. అక్కడ కూడా చదువంతా ఉర్దూలోనే.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. ఉర్దూ మంచి భాషే, తియ్యటి భాషే. ప్రతాపరెడ్డికి కూడా ఉర్దూ బాగా వచ్చు. తప్పు భాషది కాదు. జనానికి తెలియని భాషలో జనాన్ని ఏలడమే తప్పు.

ఒక రైతును తలచుకోండి. ఆయన భూమి మీద తగాదా వచ్చింది. ఒక కాగితం వచ్చింది. అందులో ఏముందో ఆయనకు తెలియదు. చదివి చెప్పమని ఇంకొకరి కాళ్లు పట్టుకోవాలి. ఆ చెప్పేవాడు నిజం చెప్పాడో అబద్ధం చెప్పాడో తెలియదు. చివరికి వేలిముద్ర వేసి రావాలి. వేలిముద్ర వేసిన బాధ మనకు కొత్త కాదు కదా!

ఆ రోజుల్లో చదవడం వచ్చినవారు ఈ రాజ్యంలో నూటికి అయిదుగురు కూడా లేరు. ఊళ్లో సొంతంగా బడి పెట్టుకుందామన్నా సర్కారు అనుమతి కావాలి. సభ పెట్టుకుందామన్నా ముందుగా అనుమతి కావాలి.

ఒక సభలో జరిగిన అవమానం

1921 నవంబరులో హైదరాబాదులో ఒక పెద్ద సభ జరిగింది. సంఘంలోని చెడ్డ ఆచారాలను మార్చడం గురించి ఆ సభ. ఆడవాళ్ల చదువు కోసం పాటుపడిన మహర్షి కార్వే ఆ సభకు అధ్యక్షులు. చాలామంది మాట్లాడారు. కొందరు ఇంగ్లీషులో, కొందరు ఉర్దూలో, కొందరు మరాఠీలో మాట్లాడారు. జనం శ్రద్ధగా విన్నారు.

అప్పుడు ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచారు. ఆయన తెలుగులో మొదలుపెట్టారు. సభలో కొందరు గోల చేశారు. నవ్వారు, చప్పట్లు కొట్టి ఎగతాళి చేశారు. ఆయన మాట సాగనివ్వలేదు.

ఆలోచించండి. ఆ రాజ్యంలో అందరికంటే ఎక్కువ మంది మాట్లాడే భాష తెలుగు. ఆ భాషకు సభలో నిలబడే చోటు లేకపోయింది.

ఆ రాత్రే కొందరు తెలుగువాళ్లు ఒకచోట కూర్చున్నారు. ఒక సంఘం పెట్టుకోవాలని నిశ్చయించుకున్నారు. దానికి ఆంధ్ర జనసంఘం అని పేరు పెట్టారు. మాడపాటి హనుమంతరావు గారు ఆ సంఘానికి ముందు నిలిచి నడిపించారు. తర్వాత అది రాజ్యమంతా పాకింది. మన సురవరం ప్రతాపరెడ్డి పని చేసింది ఈ కాలంలోనే.

ఎవరీ ప్రతాపరెడ్డి?

ప్రతాపరెడ్డి 1896 మే 28న పుట్టారు. ఆయన పుట్టిన ప్రాంతం అలంపురం దగ్గర. అప్పట్లో అది పాలమూరు వైపు, అంటే మహబూబ్‌నగర్ జిల్లా కింద ఉండేది. ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. ఆయన సొంత ఊరు ఇటిక్యాలపాడు.

కర్నూలులో, హైదరాబాదులో చదువుకున్నారు. మద్రాసు పోయి బి.ఎ. చదివారు. బి.ఎల్. కూడా చదివారు. బి.ఎల్. అంటే వకీలు చదువు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, ఇంగ్లీషు బాగా నేర్చారు. కొన్నాళ్లు వకీలు పని కూడా చేశారు. ఆ పనిలోనే ఉంటే మంచి సంపాదన వచ్చేది. కానీ ఆయన మనసు అందులో నిలవలేదు.

హైదరాబాదులో రెడ్డి హాస్టలు అని ఒకటి ఉండేది. 1918లో రాజబహదూర్ వెంకట్రామారెడ్డి గారు పెట్టించినది. ఊళ్ల నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలు అందులో ఉండేవారు. ప్రతాపరెడ్డి ఆ హాస్టలు బాధ్యత తీసుకున్నారు. అక్కడ పెద్ద గ్రంథాలయం కూడబెట్టారు. వేల పుస్తకాలు తెప్పించారు. పిల్లలకు అన్నం ఎంత ముఖ్యమో పుస్తకం అంత ముఖ్యమని ఆయన నమ్మారు.

గోలకొండ పత్రిక

పుస్తకాలు కూడబెట్టినంత మాత్రాన ఊళ్లలో ఉన్నవారికి ఏం అందుతుంది? ఊరికి వార్త చేరాలి, అది కూడా తెలుగులో చేరాలి. దానికి పత్రిక కావాలి.

అప్పటికే కొందరు ఆ పని మొదలుపెట్టారు. 1922లో నల్లగొండ నుంచి 'నీలగిరి' పత్రిక వచ్చింది. అదే ఏడాది ఇనుగుర్తి నుంచి 'తెనుగు' పత్రిక వచ్చింది. ఇనుగుర్తి మనకు దూరం కాదు. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ఒద్దిరాజు సోదరులు అనే ఇద్దరు అన్నదమ్ములు పల్లెటూళ్లోనే అచ్చు యంత్రం పెట్టి ఆ పత్రిక నడిపారు. పల్లెలో పత్రిక అచ్చు వేయడమంటే చిన్న సంగతి కాదు. కానీ ఈ రెండు పత్రికలూ ఎక్కువ కాలం నిలవలేదు.

1926 మే 10న హైదరాబాదు నుంచి 'గోలకొండ' పత్రిక మొదలైంది. దానికి సంపాదకులు ప్రతాపరెడ్డి. సంపాదకుడు అంటే పత్రికలో ఏం రావాలో చూసి, దిద్ది, నడిపించే మనిషి. ఈ పత్రిక వారానికి రెండుసార్లు వచ్చేది. తర్వాత 1947లో రోజూ వచ్చే పత్రిక అయింది.

సంపాదకుడని పేరే గానీ అన్ని పనులూ ఆయన మీదే పడేవి. రాయాలి, వచ్చినవాటిని దిద్దాలి, అచ్చుతప్పులు చూడాలి, డబ్బు సర్దాలి. పైగా సర్కారు కన్ను ఎప్పుడూ పత్రిక మీదే. ఏ మాట రాస్తే పత్రిక మూయిస్తారో తెలియదు. అయినా దొరల దౌర్జన్యం గురించి, వెట్టిచాకిరి గురించి, అధికారుల లంచాల గురించి ఆ పత్రికలో వచ్చేది. కథలు, పద్యాలు కూడా వచ్చేవి. ఊళ్లో చదువు వచ్చిన ఒక్కరు చదివితే, పదిమంది చుట్టూ కూర్చుని వినేవారు.

ఇంకో మేలు కూడా జరిగింది. రాయాలని ఆశ ఉన్నవాళ్లకు చోటు దొరికింది. అంతకుముందు రాసినా ఎవరు అచ్చు వేస్తారు? రాసింది పెట్టెలో ఉండిపోయేది. చెదలు తినేది.

"కవులు లేరు" అన్న మాటకు జవాబు

ఇప్పుడు అసలు కథ వినండి.

ఒక పండితుడు ఒక వ్యాసంలో ఒక మాట రాశారు. "నిజాం రాజ్యంలో తెలుగు కవులు పూజ్యం" అన్నట్టుగా రాశారు. పూజ్యం అంటే ఇక్కడ సున్నా. అంటే మన వైపు కవులే లేరని.

ఈ మాట విని తెలంగాణవాళ్లకు కడుపు మండింది. పోతన పుట్టిన నేల కదా ఇది! రామదాసు పాడిన నేల కదా! అలాంటి చోట కవులు సున్నానా?

ఇలాంటప్పుడు మనం ఏం చేస్తాం? తిట్టినవాణ్ని తిరిగి తిడతాం. నాలుగు రోజులు అరుస్తాం. తర్వాత మరిచిపోతాం. ప్రతాపరెడ్డి అలా చేయలేదు. తిట్టుకు తిట్టు జవాబు కాదనుకున్నారు. లెక్క చూపించడమే జవాబు అనుకున్నారు.

ఆయన తన పత్రిక ద్వారా ఊరూరికీ కబురు పెట్టారు. మీ ఊళ్లో కవులు ఎవరున్నారు? వెనకటివాళ్లు ఎవరు? ఇప్పటివాళ్లు ఎవరు? వాళ్ల పద్యాలు పంపండి. వాళ్ల వివరాలు పంపండి. ఇదీ ఆ కబురు.

పద్యాలు రావడం మొదలైంది. ఎవరి ఇంట్లోనో అటక మీద ఉన్న కాగితాలు బయటికి వచ్చాయి. పేరు కూడా ఎవరికీ తెలియని పల్లెటూరి కవులు వెలుగులోకి వచ్చారు. ప్రతాపరెడ్డి వాటన్నిటినీ చదివారు, ఏరారు, ఒక చోట చేర్చారు.

1934లో ఆ పుస్తకం అచ్చయింది. దాని పేరు 'గోలకొండ కవుల సంచిక'. అందులో ఎంతమంది కవులున్నారో తెలుసా? 354 మంది!

సున్నా అన్న చోట 354 మంది. ఇక ఎవరు ఏం మాట్లాడతారు? కోపంతో చేసిన పని అయితే రెండు రోజుల్లో చల్లారేది. ఓపికతో చేసిన పని కాబట్టి ఇన్ని ఏళ్లయినా ఆ పుస్తకం నిలిచే ఉంది.

ఇందులో మనకు ఒక నీతి ఉంది. ఆ 354 మంది ఆ పుస్తకం వచ్చాక పుట్టలేదు. ముందు నుంచీ ఉన్నారు. కానీ ఎవరూ రాసిపెట్టలేదు. రాసిపెట్టని సంపద ఉన్నా లేనట్టే అవుతుంది. పట్టా లేని భూమిలాంటిదే అది. మనదే అయినా, మనదని చూపించలేం.

జోగిపేట సభ

ఆంధ్ర జనసంఘం పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. దాని మొదటి సభ 1930 మార్చిలో మెదకు వైపు జోగిపేటలో జరిగింది. మూడు రోజుల సభ. దానికి అధ్యక్షులు సురవరం ప్రతాపరెడ్డి.

ఆ సభలో చదువు గురించి, ఊరి గ్రంథాలయాల గురించి మాట్లాడుకున్నారు. ఆడవాళ్ల కోసం విడిగా మహిళా సభ కూడా జరిగింది. దానికి నడింపల్లి సుందరమ్మ గారు అధ్యక్షురాలు. తొంభై ఏళ్ల పైమాట! ఆడవాళ్లు గడప దాటితేనే తప్పుగా చూసే రోజుల్లో వాళ్లు సభ పెట్టి మాట్లాడారు. మన రాత్రి బడికి రావడానికి "ఇంట్లో ఏమంటారో" అని భయపడే అక్కలు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

తర్వాత ఏటేటా ఒక్కో చోట సభలు జరిగాయి. 1945లో మన ఖమ్మంలో కూడా ఆంధ్ర మహాసభ జరిగింది. అప్పటికి అది రైతుల, కూలీల పోరాటంగా మారింది. దారులు వేరైనా, మొదట జనాన్ని కూడగట్టింది మాత్రం భాషే.

గ్రంథాలయాలు, పరీక్షలు

ప్రతాపరెడ్డి గ్రంథాలయాల కోసం కూడా ఎంతో పాటుపడ్డారు. ఈ పని ఆయనకంటే ముందే మొదలైంది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టారు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టారు. పేర్లు చూడండి. 'భాషా నిలయం' అన్నారు. భాష ఉండే ఇల్లు అని అర్థం. బయట చోటు లేని భాషకు ఒక ఇల్లు కట్టారన్నమాట.

1943లో హైదరాబాదులో ఆంధ్ర సారస్వత పరిషత్తు పుట్టింది. దీన్ని నిలబెట్టినవారిలో ప్రతాపరెడ్డి ముఖ్యులు. ఈ పరిషత్తు తెలుగులో పరీక్షలు పెట్టింది. సర్కారు బడిలో తెలుగు చదివే వీలు లేనివారు ఇంటి దగ్గర చదువుకుని ఈ పరీక్షలు రాసేవారు. ఇప్పుడు దాన్ని తెలంగాణ సారస్వత పరిషత్తు అంటున్నారు.

1948 సెప్టెంబరు 17న నిజాం ఏలుబడి ముగిసింది. హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది.

రాజుల కథ కాదు, జనం కథ

ప్రతాపరెడ్డి పద్యాలు రాశారు. కథలు రాశారు. నాటకాలు రాశారు. నిజాం కాలపు అధికారుల తీరును ఎత్తిపొడుస్తూ 'మొగలాయి కథలు' రాశారు. మన పండుగల గురించి 'హిందువుల పండుగలు' రాశారు. కానీ అన్నిటికంటే పెద్ద పని ఇంకొకటి ఉంది. అది 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' అనే పుస్తకం. 1949లో వచ్చింది.

చరిత్ర అంటే మనకేం గుర్తుకు వస్తుంది? ఏ రాజు ఎప్పుడు పుట్టాడు, ఏ రాజు ఎవరితో యుద్ధం చేశాడు, ఎన్ని ఏనుగులు, ఎన్ని గుర్రాలు. ప్రతాపరెడ్డి వేరే ప్రశ్నలు అడిగారు.

ఆనాటి మామూలు జనం ఏం తిన్నారు? ఏం కట్టుకున్నారు? పిల్లలు ఏ ఆటలు ఆడారు? సంతలో ఏం అమ్మారు? పన్నులు ఎంత కట్టారు? పండుగ ఎలా చేసుకున్నారు? రైతు ఎలా బతికాడు?

ఇవన్నీ రాజుల శాసనాల్లో దొరకవు. మరి ఎక్కడ వెతకాలి? పాత కావ్యాల్లో వెతికారు. పాల్కురికి సోమనాథుడు రాసిన పుస్తకాల్లో వెతికారు. 'క్రీడాభిరామం' అనే పాత పుస్తకంలో వెతికారు. ఈ పుస్తకంలో ఓరుగల్లు వీధులు కనబడతాయి. ఓరుగల్లు అంటే మన వరంగల్లే. అక్కడి పూటకూళ్ల ఇల్లు, అంటే డబ్బు తీసుకుని అన్నం పెట్టే ఇల్లు, అందులో ఉంది. కోడిపందెం ఉంది. పల్నాటి వీరుల కథ పాడే ఆడమనిషి ఉంది. పండితులు పద్యం అందం చూశారు. ప్రతాపరెడ్డి ఆ పద్యంలో మనిషిని చూశారు.

ఈ పని చేస్తుంటే ఒక చిక్కు వచ్చింది. పాత పుస్తకంలో ఒక ఆట పేరు వస్తుంది. అది ఎలా ఆడతారు? నిఘంటువు తీస్తే "క్రీడా విశేషము" అని ఉంటుంది. అంటే "ఒక రకం ఆట" అని మాత్రమే. నిఘంటువు అంటే మాటలకు అర్థాలు చెప్పే పెద్ద పుస్తకం. అది రాసిన పండితులకు ఆ ఆట తెలియదు. ఆడిన పిల్లలకు తెలుసు. పిల్లల్ని ఎవరూ అడగలేదు!

మా రాత్రి బడిలో నాకు జరిగింది కూడా ఇదే. నాగలి భాగాల పేర్లు టీచరుకు తెలియవు. పెద్దమ్మకు తెలుసు. పెద్దమ్మ సిగ్గుపడి నోరు మూసుకుంటే, ఆ మాట ఏ పుస్తకంలోకీ ఎక్కదు.

చివరి రోజులు, ఆ తర్వాత

1952లో మన దేశంలో మొదటిసారి పెద్ద ఎన్నికలు జరిగాయి. ప్రతాపరెడ్డి వనపర్తి నుంచి నిలబడి శాసనసభకు గెలిచారు. కానీ ఎక్కువ కాలం బతకలేదు. 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 57 ఏళ్లు.

1955లో ఢిల్లీలోని సాహిత్య అకాడమీ మొదటిసారి బహుమతులు ఇచ్చింది. ఒక్కో భాషలో ఒక మంచి పుస్తకానికి ఒక బహుమతి. తెలుగులో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు వచ్చింది. అలా తెలుగులో మొట్టమొదటి అకాడమీ బహుమతి మన ప్రతాపరెడ్డిది. అందుకోవడానికి ఆయన లేరు.

అదే ఏడాది పంజాబీ భాషలో బహుమతి భాయీ వీర్ సింగ్ గారికి వచ్చింది. ఆయన కూడా కవి, పండితుడు. పంజాబీ భాష కోసం జీవితమంతా పనిచేశారు. 1899లోనే పంజాబీలో వారపత్రిక మొదలుపెట్టారు. చూశారా! అక్కడ గోధుమ పండే నేల, ఇక్కడ జొన్న పండే నేల. ఈ ఇద్దరూ చేసిన పని మాత్రం ఒకే రకం. తల్లి నేర్పిన మాటకు చోటు సంపాదించడం.

హైదరాబాదులో ట్యాంక్‌బండ్ మీద ప్రతాపరెడ్డి విగ్రహం ఉంది. 2025లో తెలంగాణ శాసనసభ హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెడుతూ చట్టం చేసింది. ఒకప్పుడు సభలో తెలుగు మాట్లాడితే ఎగతాళి చేసిన ఊళ్లోనే ఇప్పుడు తెలుగు కోసం ఒక విశ్వవిద్యాలయం ఉంది. దానికి ఆయన పేరు ఉంది.

మరి మా భాష సంగతి?

ఈ కథ చెప్పిన రాత్రి, తండా నుంచి వచ్చే ఒక చెల్లె లేచి అడిగింది. "టీచరమ్మా, మీ తెలుగుకు ఇంత గోస జరిగిందన్నారు. మరి మేము ఇంట్లో లంబాడీ మాట్లాడతాం. బడిలో తెలుగు. మా మాట ఎవరు రాస్తారు?"

మంచి ప్రశ్న. అడవి వైపు పోతే కోయ మాట్లాడే అన్నలు కూడా ఇదే అడుగుతారు. ఉర్దూ దగ్గర తెలుగు పడ్డ బాధే తెలుగు దగ్గర లంబాడీ, కోయ పడుతున్నాయి. ఈ సంగతి ఒప్పుకోవాలి.

ఆ చెల్లెకు నేను గిడుగు రామమూర్తి గారి సంగతి చెప్పాను. ఆయన 1863లో పుట్టారు, 1940లో పోయారు. శ్రీకాకుళం వైపు పర్లాకిమిడిలో పంతులు. జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు రాయాలని పోరాడారు. ఆయన పుట్టిన రోజు ఆగస్టు 29. అందుకే ఆ రోజును తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటారు. కానీ ఆయన చేసిన పని ఇంకొకటి ఉంది. అక్కడి అడవుల్లో సవర అనే జాతివాళ్లు ఉంటారు. వాళ్ల భాషకు అప్పుడు పుస్తకాలు లేవు. రామమూర్తి గారు వాళ్ల దగ్గర కూర్చుని సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం సవరలోనే పాఠాలు రాశారు. సవర నిఘంటువు కూడా తయారు చేశారు.

తన భాషను ప్రేమించే మనిషి పక్కవాడి భాషను చిన్నచూపు చూడడు. చూస్తే అది ప్రేమ కాదు, పొగరు.

"మరి మా మాట ఎవరు రాస్తారు?" అంటే, ఇప్పుడు నీకు అక్షరాలు వచ్చాయి చెల్లీ. ముందు నువ్వే మొదలుపెట్టు. లంబాడీ పాటను తెలుగు అక్షరాలతో రాయవచ్చు. మీ అమ్మమ్మ పాడే పాట ఆమెతోనే పోకుండా ఉంటుంది.

పెద్దమ్మ చెప్పిన మాటలు

ఆ రాత్రి కథ అయ్యాక పెద్దమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా అంది. "మూడు వందల యాభై నాలుగు మందా బిడ్డా?"

"అవును పెద్దమ్మా."

"అయితే రాసుకో."

ఆమె చెప్పింది. నేను రాశాను. నాగలి, మేడి, కర్రు, నొగ, కాడి. తర్వాత గొర్రు గురించి, గుంటక గురించి చెప్పింది. ఏది ఏ కట్టెతో చేస్తే గట్టిగా ఉంటుందో చెప్పింది. పక్కనున్నవాళ్లు కూడా అందుకున్నారు. "అది కాదు, మా ఊళ్లో ఇలా అంటాం" అని ఒకరు. "మా అయ్య ఇలా అనేవాడు" అని ఇంకొకరు. ఆ రాత్రి పాఠం ఆగిపోయింది. కానీ నోటుబుక్కులో రెండు పేజీలు నిండాయి.

ఇప్పుడు ఊళ్లో ట్రాక్టర్లు వచ్చాయి. నాగళ్లు గోడకు ఆనించి ఉన్నాయి. ఇంకో ఇరవై ఏళ్లకు మేడి అంటే ఏమిటో పిల్లలకు తెలియదు. వాళ్లు నిఘంటువు తీస్తే "నాగలి విశేషము" అని ఉంటే ఏం లాభం? పెద్దమ్మ మాట ఉంటే, బొమ్మ గీసి చూపవచ్చు.

అక్షరం వచ్చింది సంతకం పెట్టడానికి మాత్రమే కాదు. బస్సు మీద ఊరి పేరు చదవడానికి మాత్రమే కాదు. మన దగ్గర ఉన్నది పోకుండా రాసిపెట్టుకోవడానికి కూడా. ప్రతాపరెడ్డి ఒక్కరే ఆ 354 మందిని తేలేదు. ఊరూరా ఎవరో ఒకరు కాగితం తీసి, రాసి, పంపారు. అలా పంపినవారి పేర్లు మనకు తెలియవు. కానీ వాళ్లు లేకపోతే ఆ పుస్తకం లేదు.

మీ ఊళ్లో ఆ పని మీరు చేయవచ్చు.

మాట్లాడుకుందాం

1. మీకు అర్థం కాని భాషలో ఉన్న కాగితం ఎప్పుడైనా వచ్చిందా? అప్పుడు ఏం చేశారు?

2. "కవులు లేరు" అన్న మాటకు ప్రతాపరెడ్డి ఎలా జవాబు చెప్పారు? మీరైతే ఏం చేసేవారు?

3. మీ ఊళ్లో పాటలు కట్టేవారు, కథలు చెప్పేవారు ఎవరున్నారు? వారి పేర్లు రాయండి.

చేసి చూద్దాం

ఒక నోటుబుక్కు తీసుకోండి. మీ ఇంట్లో అందరికంటే పెద్దవారి దగ్గర కూర్చోండి. ఇప్పుడు ఎవరూ వాడని మాటలు పది అడిగి రాసుకోండి. వంట మాటలు కావచ్చు, వ్యవసాయం మాటలు కావచ్చు, పిల్లల ఆటల పేర్లు కావచ్చు. తెలుగైనా, లంబాడీ అయినా, కోయ అయినా సరే. ప్రతి మాట పక్కన అర్థం రాయండి. చెప్పినవారి పేరు కూడా రాయండి. బడికి తెచ్చి అందరికీ చదివి వినిపించండి.

తప్పులు వస్తాయని భయపడకండి. తప్పు రాస్తే దిద్దుకోవచ్చు. రాయకపోతే పోతుంది.